రుబ్బురోలు దగ్గర ప్రేమకథ

ఈ సాయంత్రం 'గుండమ్మ కథ' కబుర్లు చెప్పుకుందాం. "అది ఎన్నిసార్లు చూశామో లెక్కే లేదండీ" అంటారు, తెలుసు. అందుకే దాని గురించి మాట్లాడదామంటున్నాను. బాగా అలవాటైన సినిమాలో కళ్లముందే ఉండి దాటిపోయే సంగతులు చాలా ఉంటాయి.

మా దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ సినిమాకి వయసు మీద పడినట్టే ఉండదు. నల్లగొండ నుంచి, ఖమ్మం నుంచి కోచింగ్‌కి వచ్చిన పిల్లలు చైతన్యపురి సందుల్లోని హాస్టళ్లలో రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో పెట్టుకుని చూస్తారు. వాళ్ల అమ్మానాన్నలే పుట్టి ఉండని రోజుల సినిమా అది. అయినా గుండమ్మగా సూర్యకాంతం చెయ్యి తిప్పిందంటే నవ్వు ఆగదు.

1962 జూన్‌లో వచ్చింది. విజయా వారి నాగిరెడ్డి, చక్రపాణి తీశారు. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు, మాటలు డి.వి.నరసరాజు, పాటలు పింగళి, సంగీతం ఘంటసాల. మూలం కన్నడంలో విఠలాచార్య తీసిన 'మనె తుంబిద హెణ్ణు'. ఎన్టీఆర్‌కి ఇది నూరో సినిమా, పక్కన ఏఎన్నార్ కూడా ఉన్నారు. ఇద్దరు హీరోల పాటలూ ఘంటసాల గొంతులోనే వస్తాయి, అయినా ఏ పాట ఎవరిదో మనకి ఇట్టే తెలిసిపోతుంది. అంత పెద్ద హీరోలు ఇద్దరుండగా సినిమాకి మాత్రం గయ్యాళి సవతి తల్లి పేరు పెట్టారు. ఆ ధైర్యానికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

కథ మీకు తెలిసిందే. సవతి కూతురు లక్ష్మి సొంత ఇంట్లోనే పనిమనిషి అయిపోయింది. కన్నకూతురు సరోజ కాలు కింద పెట్టదు. గొప్పింటి అన్నదమ్ముల్లో పెద్దవాడు ఎన్టీఆర్ అంజి పేరుతో ఆ ఇంట్లో నౌకరుగా చేరి లక్ష్మిని చేసుకుంటాడు. చిన్నవాడు రాజా, అంటే ఏఎన్నార్, సరోజని చేసుకుని, పెళ్లయ్యాక లేనివాడిలా నటించి, ఆమెని తోటపనికి తీసుకెళతాడు.

ఆ రుబ్బురోలు ఘట్టం ఒక్కసారి గుర్తు చేసుకోండి. రాముడూ కృష్ణుడూ అంటే ఇతనే అని జనం హారతులిచ్చిన మనిషి, నౌకరు వేషంలో పెరట్లో కూర్చుని పిండి రుబ్బుతాడు. పక్కన లక్ష్మిగా సావిత్రి. నోట పాట, చేతిలో పొత్రం. ఆడవాళ్ల పని అని ఊరంతా పక్కకి నెట్టిన చోట హీరో తీరిగ్గా కూర్చున్నాడు. లక్ష్మికి అతని మీద ప్రేమ అక్కడే మొలిచిందని నా నమ్మకం. తన పనిలో సగం పంచుకున్న మొదటి మనిషి అతనే కదా. వెన్నెల పాటలు నాకూ ఇష్టమే గానీ, ఆ సినిమాలో అసలైన ప్రేమ సన్నివేశం ఆ పెరట్లోదే.

నన్ను చాలాకాలంగా తొలుస్తున్న సంగతి మరొకటుంది. ఇది కలవాడికీ లేనివాడికీ మధ్య ప్రేమకథ అనుకుంటాం గానీ, జంటల్లో లేనివాళ్లు ఎవరూ లేరు. లక్ష్మి కలవారి బిడ్డే, సరోజ సంగతి సరేసరి. అంజి, రాజా బంగళాలో పెరిగినవాళ్లు. పేదరికం వేషం మాత్రమే. చివరికి వేషం తీసేస్తే అంతస్తులు చక్కగా సరిపోతాయి, ఏ పెద్దమనిషికీ ఇబ్బంది ఉండదు.

అమెరికా వాళ్లు 1964లో 'మై ఫెయిర్ లేడీ' తీశారు. అందులో దారి తిరగబడింది. వీధిలో పూలమ్ముకునే ఎలైజాకి ఓ ప్రొఫెసరు మాట నేర్పి దొరసానిలా నిలబెడతాడు. ఆ కథకి మూలమైన బెర్నార్డ్ షా నాటకంలో ఎలైజా అతన్ని పెళ్లాడదు. సినిమాలో మాత్రం తిరిగొస్తుంది. ఆడ్రీ హెప్‌బర్న్ ఎంత బాగా చేసినా, ఆ తిరిగిరావడం నాకు మింగుడు పడలేదు.

మనకీ నిజంగా తేడా ఉన్న కథ వచ్చింది, 1992లో 'ఘరానా మొగుడు'. చిరంజీవి అచ్చమైన కార్మికుడు, నగ్మా ఫ్యాక్టరీ యజమాని ఉమాదేవి. అదీ కన్నడం నుంచి వచ్చిందే, రాజ్‌కుమార్ 'అనురాగ అరళితు'. ఆ అంతరం చూసి హాళ్లలో ఈలలు మోగాయి. కానీ అక్కడా లొంగాల్సింది ఆడదాని పొగరే. సరోజ తోటలో చెమటోడ్చాలి, ఉమాదేవి తల వంచాలి. తండ్రి సొమ్ముతో పెరిగిన రాజాకి మాత్రం ఎవరూ బుద్ధి చెప్పరు. అతను నాటకమాడి ఓ అమ్మాయిని ఏడిపించినా మనం చప్పట్లు కొడతాం. ఇది అన్యాయమని నేను గట్టిగానే అంటాను.

ఎందుకంటే మా పేటలో ఈ కథలు నిజంగా నడుస్తుంటాయి. టిఫిన్ సెంటర్లో దోసెలు వేసే కుర్రాడు, గ్రూప్స్‌కి చదివే అమ్మాయి. ఎల్‌బీ నగర్‌లో మెట్రో దిగి షోరూముకి నడిచే సేల్స్ అమ్మాయి, వనస్థలిపురం సొంతింటి అబ్బాయి. రోజూ చూపులు కలుస్తాయి, మాట కలుస్తుంది. తర్వాత ఇళ్లల్లో తెలుస్తుంది. ఆస్తి అడుగుతారు, కులం అడుగుతారు. అప్పుడు ఆ దోసెల కుర్రాడు వేషం తీసి "నేను బంగళా బిడ్డని" అనలేడు, అతనికి ఉన్నది ఆ పెనమే. సినిమాలో అన్నదమ్ముల తండ్రిగా చేసిన ఎస్వీ రంగారావు లాంటి మామగారు నిండుగా నవ్వుతూ వచ్చి చిక్కుముడి విప్పరు. అలాంటి పిల్లలకి అండగా నిలబడే పెద్దలు మా వీధుల్లో ఇంకా తక్కువే.

అయినా గుండమ్మ కథని నేను వదులుకోను. కలవాడిని రోలు ముందు కూర్చోబెట్టి, పని చేసే చేతికి గౌరవం ఇప్పించిన సినిమా అది. అందుకే మీకో మాట. ఈసారి టీవీలో వచ్చినప్పుడు ఇంట్లో ఈడొచ్చిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. సరోజ తోటలో కష్టపడే చోట ఒక్క నిమిషం ఆపి, "అంజి నిజంగానే నౌకరైతే లక్ష్మిని ఇచ్చేవాళ్లమా?" అని వాళ్లని అడగండి. వాళ్లు ఏమన్నా మధ్యలో అడ్డుపడకుండా చివరిదాకా వినండి.