చెక్కేవాళ్లెవరు.. అడిగేవాళ్లెవరు? నంద్యాల-ఆళ్లగడ్డ దారిలో ఓ స్టార్టప్ పాఠం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్లు. జాతీయ రహదారి మీద గంట ప్రయాణం. ఎడమపక్క దూరంగా నల్లమల కొండలు మనతోపాటే వస్తుంటాయి. కుడిపక్కా ఎడమపక్కా నల్లరేగడి చేలు. ఈ వైపు వచ్చేవాళ్లలో ఎక్కువమంది మహానంది కోనేరు, యాగంటి బసవన్న, అహోబిలం నవనారసింహుల కోసమే వస్తారు. ఈసారి మనం ఇంకో పని మీద వెళ్దాం.

ఫ్రెండ్స్‌తో కలిసి స్టార్టప్ పెట్టాలనుకునేవాళ్లకి, ఇప్పటికే పెట్టి తంటాలు పడుతున్నవాళ్లకి ఓ ప్రశ్న ఉంటుంది. టీమ్‌లో ఉన్నది ఐదుగురు. ఐదుగురూ కోడ్ రాసేవాళ్లే. చేతిలో ఏడాదికి సరిపడా డబ్బుంది. ఆరో ఉద్యోగం ఎవరికివ్వాలి? ఇంకో ఇంజినీర్‌కా, ప్రొడక్ట్ మేనేజర్‌కా?

ఇంజినీర్ కట్టేవాడు. వాడేవాళ్లకి అసలేం కావాలి, ఏది ముందు చేయాలి, ఏది చేయనక్కర్లేదు అని తేల్చేవాడు ప్రొడక్ట్ మేనేజర్. ఈ లెక్క తప్పితే డబ్బు పోతుంది, దాంతోపాటు కాలేజీ నాటి స్నేహాలూ పోతాయి. ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి బెంగళూరు దాకా వెళ్లక్కర్లేదు. ఈ దారిలోనే మూడు చోట్ల ఆగితే చాలు.

మొదటి మజిలీ: కేసీ కెనాల్

నంద్యాల ప్రాంతంలో ఎటు తిరిగినా ఎక్కడో ఓ చోట ఈ కాలువ కనిపిస్తుంది. కర్నూలు-కడప కాలువ. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై దాదాపు 300 కిలోమీటర్లు పారి కడప జిల్లాకు చేరుతుంది. దీన్ని కట్టింది ప్రభుత్వం కాదు, ఓ ప్రైవేటు కంపెనీ. పేరు మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఆలోచన సర్ ఆర్థర్ కాటన్‌ది. లండన్‌లో పెట్టుబడి సేకరించారు. పది లక్షల పౌండ్ల మీద ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చింది. 1863లో పని మొదలైంది, 1870 ప్రాంతానికి కాలువ సిద్ధమైంది. పొలాలకు నీళ్లు, పడవలకు దారి.. ఒకే కాలువతో రెండు లాభాలు అనుకున్నారు.

ఇంజినీరింగ్ పరంగా చూస్తే అది ఆ రోజుల్లో చిన్న పని కాదు. కానీ నీళ్లు వచ్చినా, వాటిని కొనే రైతు అనుకున్నంతగా రాలేదు. రేగడి నేల తేమని పట్టి ఉంచుతుంది. ఇక్కడి రైతు వానల మీదే జొన్న, పత్తి పండించుకునేవాడు. కాలువ నీళ్లు పెట్టాలంటే నేల చదును చేయాలి, గట్లు వేయాలి, పైగా నీటి తీరువా కట్టాలి. 'నాకెందుకొచ్చిన గోల' అనుకున్నాడు. పడవల వ్యాపారమూ అనుకున్నంత సాగలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువని కొనేసింది.

విచిత్రం ఏంటంటే, ఇప్పుడు అదే కాలువ కింద రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. నీళ్ల కోసం ఈ జిల్లాల్లో పోరాటాలే జరిగాయి. అంటే కట్టినదాంట్లో పనికిరానితనం లేదు. అది రైతు జీవితంలోకి ఎలా వెళ్తుందో తేల్చుకునేలోపే కంపెనీ కథ ముగిసిపోయింది. గ్యారంటీ వడ్డీ లాంటి డబ్బు వెనకున్నప్పుడు వాడేవాణ్ని అడగాలన్న తొందర ఎవరికీ పుట్టదు. పెద్ద ఫండింగ్ రాగానే ముప్పైమంది ఇంజినీర్లని తీసుకునే స్టార్టప్‌లకీ ఇదే ప్రమాదం.

రెండో మజిలీ: శనగ మొక్క ఎందుకు పొడుగైంది?

నంద్యాలలోనే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. 1906లో మొదలైన పాత కేంద్రం. ఇప్పుడు ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఇక్కడ పుట్టిన ఓ పప్పుశనగ రకం పేరు ఎన్‌బీఈజీ 47. ముద్దుపేరు 'ధీర'.

దీని కథ చెప్పుకోవాలి. అంతకుముందు ఇక్కడ ఎక్కువగా వేసిన జేజీ 11 రకం మొక్క పొట్టిగా, పక్కలకి పరుచుకుని పెరుగుతుంది. కాయలు నేలకి దగ్గరగా ఉంటాయి. మిషన్‌తో కోద్దామంటే కింది కాయలు చేలోనే ఉండిపోతాయి. చేత్తో పీకుదామంటే కూలీలు దొరకరు. దొరికినా, శనగ ఆకుల మీద ఉండే పులుసుకి చేతులు మండుతాయి.

'కూలీలు దొరకట్లేదు సార్' అనేది రైతు ఫిర్యాదు. అది విన్న ఇంజినీర్ బుర్ర వెంటనే కొత్త మిషన్ వైపు వెళ్తుంది. కానీ అదే ఫిర్యాదుని మొక్క భాషలోకి మార్చి చూడండి. మొక్క పొడుగ్గా ఉండాలి, నిటారుగా నిలబడాలి, మొదటి కాయ నేల నుంచి కాస్త ఎత్తులో మొదలవ్వాలి, దిగుబడి మాత్రం తగ్గకూడదు. ఇప్పుడది శాస్త్రవేత్త చేయగలిగిన పని. ధీర సరిగ్గా అలాంటి మొక్కే. మిషన్ కోతకి పనికొచ్చేలా మన రాష్ట్రంలో వచ్చిన మొదటి పప్పుశనగ రకం అదే.

ప్రొడక్ట్ మేనేజర్ పని అంటే అసలు ఇదే. రైతు చెప్పిన బాధని, కట్టేవాడు కొలవగలిగే మాటల్లోకి మార్చడం. దానికి చేనూ తెలియాలి, మొక్కా తెలియాలి. ఒక్కటే తెలిస్తే సరిపోదు.

ఇంకో సంగతి. మన దగ్గర కొత్త వంగడాన్ని విడుదల చేసేముందు 'చిరుసంచుల దశ' అని ఒకటి ఉంటుంది. కొద్దికొద్ది విత్తనం రైతులకిచ్చి, వాళ్ల పొలాల్లోనే వేయించి చూస్తారు. మనం బీటా టెస్టింగ్ అని గొప్పగా చెప్పుకునేది పల్లెల్లో ఎప్పటి నుంచో ఉంది.

మూడో మజిలీ: ఉలి చప్పుళ్ల ఊరు

ఆళ్లగడ్డకి చేరాక ఉలి చప్పుడు వినపడితే శిల్పుల పనిచోటు దగ్గర్లోనే ఉన్నట్టు. ఈ ఊరి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. సగం చెక్కిన నరసింహస్వామి పక్కనే ఎవరో నాయకుడి విగ్రహం కనిపించినా ఆశ్చర్యపోకండి.

ఇలాంటి పనిచోట్ల ఉండేది చిన్న టీమే. పని ఎలా సాగుతుందో గమనిస్తే మన ప్రశ్నకి జవాబు సగం దొరుకుతుంది.

గుడి కమిటీ వాళ్లు వస్తారు. వాళ్లతో మాట్లాడేది స్థపతి. ఏ దేవుడు, గర్భగుడి ద్వారం ఎత్తెంత, నిలబడ్డ మూర్తా కూర్చున్న మూర్తా, ప్రతిష్ఠ ఎప్పుడు.. అన్నీ అడిగి తెలుసుకుంటాడు. ఏ చేతిలో ఏ ఆయుధం ఉండాలో ధ్యాన శ్లోకం చెబుతుంది. కొలతలకి తాళమానం ఉంది. ముఖం పొడవు ఒక తాళం, అందులో 12 అంగుళాలు. ఈ అంగుళం మన స్కేలు మీది ఇంచి కాదు, విగ్రహం సైజుని బట్టి మారుతుంది. స్థపతి రాయి మీద గీతలు గీస్తాడు. ఒకరు ముతక పని చేస్తారు, ఇంకొకరు నగిషీ చెక్కుతారు. అందరికీ కొలత ఒకటే కాబట్టి ప్రతిదానికీ మీటింగ్ పెట్టుకోనక్కర్లేదు.

ఇక్కడ రెండు విషయాలు పట్టుకోండి. ఒకటి, కస్టమర్‌తో మాట్లాడే స్థపతికి ఉలి పట్టడం వచ్చు. రాయి ఏం చేయనిస్తుందో తెలుసు కాబట్టి కుదరని మాట ఇవ్వడు. రెండు, చెక్కేవాడికీ ఓ హక్కుంది. మధ్యలో రాయిలో పగులు కనిపిస్తే 'ఇది పనికిరాదు' అని చెప్పాల్సింది అతనే. భిన్నమైన విగ్రహం పూజకి పనికిరాదు. ముహూర్తం ఎంత దగ్గరపడినా ఆ మాట వినాల్సిందే. పైగా రాయికి 'అన్‌డూ' బటన్ లేదు.

మరి మన టీమ్‌లో?

ఒక ప్రొడక్ట్ మేనేజర్‌కి ఐదు నుంచి ఎనిమిదిమంది ఇంజినీర్లు అని పరిశ్రమలో ఓ వాడుక లెక్క ఉంది. అది ఎదిగిన కంపెనీలకి సరే. ఐదుగురే ఉన్నప్పుడు బయటి నుంచి ప్రొడక్ట్ మేనేజర్‌ని తెచ్చిపెడితే ఓ చిక్కు వస్తుంది. కస్టమర్ గొంతు అతని ఒక్కడికే వినపడుతుంది. మిగతావాళ్లు చెప్పింది చెక్కే కూలీలైపోతారు.

2014లో ఫేస్‌బుక్ కొనేనాటికి వాట్సాప్ వాడేవాళ్లు 45 కోట్లు, ఇంజినీర్లు 32 మంది. యాడ్స్ వద్దు, గేమ్స్ వద్దు, గిమ్మిక్కులు వద్దు అని వ్యవస్థాపకులే ముందుగా తేల్చేసుకున్నారు. ఏది చేయకూడదో తేలిపోయాక చిన్న టీమే పెద్ద పని చేయగలిగింది.

అందుకే ఐదారుగురు ఉన్నంతకాలం స్థపతి పని ఫౌండర్లలో ఒకరు చూసుకోవడమే మేలు. కోడ్ తెలిసిన మనిషి అయ్యుండాలి, వారంలో సగం రోజులు బయట తిరగాలి. ఇంజినీర్లు కూడా నెలకోసారైనా కస్టమర్ దగ్గర కూర్చోవాలి. 'ఈ గడువుకి కుదరదు, రాయిలో పగులుంది' అని చెప్పే హక్కు వాళ్లకుండాలి.

మరి వేరే మనిషి ఎప్పుడు కావాలి? నిర్ణయం కోసం ఇంజినీర్లు ఖాళీగా కూర్చుంటున్నప్పుడు. ముగ్గురు కస్టమర్లకి మూడు వేర్వేరు మాటలు ఇచ్చేసినప్పుడు. ఒకే ఫీచర్‌ని రెండోసారి కూల్చి కడుతున్నప్పుడు. ఫౌండర్‌కి కస్టమర్ ఫోన్ ఎత్తే తీరిక లేనప్పుడు. వీటిలో రెండు కనిపించాయంటే ఆరో ఉద్యోగం ప్రొడక్ట్ మేనేజర్‌కే ఇవ్వండి. ఒక్కటీ కనిపించకపోతే ఇంకో ఇంజినీర్‌ని తీసుకోండి, పర్లేదు.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఇంతదూరం వచ్చారు కాబట్టి టీమంతా కలిసి కొండెక్కిరండి. దారిలో ఒకళ్లనొకళ్లు ఈ ఒక్క ప్రశ్న అడగండి: 'పోయిన నెలలో నువ్వు ఎంతమంది కస్టమర్లతో మాట్లాడావ్?' జవాబు చెప్పేటప్పుడు ఫోన్‌లో కాల్ లిస్ట్ తీసి చూపించాలి, అదే రూలు.