కళ్ళద్దాల పిల్ల రైఫిల్ పట్టవచ్చునా?

నేను బళ్ళో చదివింది అరవం, తెలుగు ఇంట్లో అమ్మ నోట నేర్చింది. మాట ఎక్కడన్నా మొరటుగా ఉంటే సర్దుకొని చదవండి.

మా చెల్లెలి మనవరాలు ప్లస్ వన్ చదువుతా 50 మీటర్ల రైఫిల్ పోటీలకు తయారవుతున్నది. పోయిన నెల కూటంలో ఇద్దరు పెద్దలు "కళ్ళద్దాల పిల్లకు గురి ఎట్లా కుదురుతుంది? ఖర్చు దండగ" అన్నారు. అది విని వాళ్ళ నాయన ఈ ఏటితో ఆపేద్దామంటున్నాడు. ఆరు నెలలుగా ఆ పిల్లను రేంజికి తీసుకుపోయి కూర్చునేది నేనే. అక్కడ చూసింది, విన్నది చెప్తాను.

50 మీటర్ల అవతల పది మార్కుల వలయం అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ అంత. గురి పెట్టేటప్పుడు అది ఎవరికీ విడిగా కనబడదు. కనబడేది 112.4 మిల్లీమీటర్ల నల్లటి గుండ్రం ఒక్కటే. ఈ పోటీలో రైఫిల్ మీద దుర్భిణీ ఉండదు. కంటి దగ్గర సన్నని రంధ్రం, గొట్టం కొసన ఒక వలయం, అంతే. కన్ను ముందు వలయం మీదనే నిలవాల. నలుపు కొంచెం మసకగా ఉన్నా ఫరవాలేదు, అది వలయానికి సరిగ్గా నడుమ ఉంటే చాలు.

సన్నని రంధ్రంలో చూస్తే మసక తగ్గుతుంది. అట్టముక్కకు గుండుసూదితో బెజ్జం పెట్టి, అద్దాలు తీసి, మంచి వెలుతురులో కంటికి ఆనించి పేపరు చదివి చూడండి. మిగతా లోపానికి షూటింగు ఫ్రేములో అద్దం బిగించుకుంటారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ అద్దాల మనిషే. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగినవాడు.

అసలు గురి ఒంట్లో ఉంది. రైఫిల్ ఎత్తి, కళ్ళు మూసి, ఊపిరి వదిలి, కళ్ళు తెరవాల. వలయం పక్కకు పోయి ఉంటే చేతులతో లాగకూడదు, కాళ్ళు జరిపి నిలవాల. పార్సిల్ ఆఫీసులో త్రాసు చూసినవాళ్ళకు ఇది తెలుసు. ఖాళీ తట్టకు ముల్లు సున్నా మీద నిలిచినాకనే మూట పెట్టేది. వేలితో అదిమి నిలబెట్టిన ముల్లు, వేలు తీస్తానే పక్కకు పోతుంది. కండబలంతో లాగిన గురి కూడా గుండు వదిలే సమయానికి అట్లే జారుతుంది.

గురి కుదిరినాక ఊపిరి సగం వదిలి ఆపి, ట్రిగ్గరు మెల్లగా నొక్కాల. ఏడెనిమిది సెకన్లలో కాకుంటే దించేసి మళ్ళీ మొదలుపెట్టాల. దించడం ఓటమి కాదు. పేలినాక కూడా ఒక క్షణం అట్లే చూస్తుండాల.

ఆ పైన గాలి. మనవరాలు జెండాలు చూస్తుంది. ఇంగ్లండులో బిస్లీ మైదానంలో 1000 గజాల దూరంలో కూడా కాలుస్తారు. అంత దూరంలో పక్కగాలి గుండును అడుగుల లెక్కలో తోసేస్తుంది. అక్కడివాళ్ళు దుర్భిణీలో ఎండమావి ఏ పక్కకు పారుతున్నదో చూసి గాలి కనుక్కుంటారు. మే నెలలో పట్టాల మీద గాలి అల్లాడేది చూసిన మనకు అది కొత్త కాదు. దానికి కావలసింది ఓర్పు.

2024 పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో 451.4 మార్కులతో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలె అప్పటికి సెంట్రల్ రైల్వేలో టికెట్ కలెక్టరుగా ఉండినాడు. మోకాలి మీద, పడుకొని, నిలబడి కాల్చాల. ఈ పోటీలో మన దేశానికి అదే మొదటి ఒలింపిక్ పతకం.

ఆ పిల్ల పతకం తెస్తుందని నేను చెప్పలేను. ఖర్చు సంగతి కూర్చొని లెక్క వేద్దాం, అది న్యాయమైన మాట. కళ్ళద్దాల మాట మాత్రం న్యాయం కాదు. వచ్చే కూటంలో ఆ మాట ఎత్తేవాళ్ళు ముందు అట్టముక్క పరీక్ష చేసి రండి. ఆ పిల్ల ఎదట మాత్రం అనకండి.