గోదారి ఒడ్డున గరిటె పట్టను

మా అమ్మమ్మ ఏడాదికి రెండుసార్లు ఆరుబయట భోంచేసేది. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద, వేసవి సెలవుల్లో పి.గన్నవరం దగ్గర గోదారి పాయ వైనతేయ ఇసుకలో. మొదటిదానికి వనభోజనమని పేరుంది, పుణ్యముంది, గాడిపొయ్యి ఉంది. ఆ పొయ్యి పక్కన తెల్లవారుజాము నుంచీ పొగలో కళ్లు నులుముకునే ఆడవాళ్లున్నారు. రెండోదానికి పేరే లేదు. "రేపు గోదారికెళ్తున్నాం" అనేవారు, అంతే. ఆ రెండోదానికి అమ్మమ్మ పెట్టిన షరతు ఒక్కటే. "గోదారి ఒడ్డున నేను గరిటె పట్టనురా. అక్కడ పొయ్యి వెలిగిస్తే మీరే వెలిగించుకోండి."

వేసవి విందులో సులువైన వంట అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ మాటే గుర్తొస్తుంది. తక్కువ దినుసులతో అయ్యేదో, పది నిమిషాల్లో అయ్యేదో కాదు. వండిన మనిషిని కూడా నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోనిచ్చేది సులువైన వంట.

అందుకని అసలు పనంతా ఇంట్లో చల్లపూటే ముగిసేది. ముందు మామిడికాయ పులిహోర. అన్నం పలుకుగా వార్చి, అరటాకు మీద ఆరబోసి, పసుపూ పచ్చి పప్పునూనె చిలకరించి, ఆ వేడి మీదే పచ్చిమిర్చి, కరివేపాకు కప్పెట్టేది. నోరు జివ్వుమనేంత పుల్లటి కాయ తురిమి, తాలింపులో ఒక్క తిప్పు తిప్పి కలిపేది. చివర్న నూరిన ఆవముద్ద. ఉల్లిపాయ దగ్గరికి రానిచ్చేది కాదు. పచ్చికొబ్బరి కూడా వద్దనేది. చుట్టూ కొబ్బరితోటలే ఉన్న కోనసీమలో ఆ మాట వింతగా ఉంటుంది కానీ, మే నెల ఎండకు తడికొబ్బరి మధ్యాహ్నానికల్లా జిగురుపట్టి వాసన వేస్తుంది. ఉప్పు, పులుపు, నూనె కావలి కాస్తాయి. పొద్దున్న చేసిన పులిహోర మధ్యాహ్నానికి మరింత ఊరి, పొద్దుటికంటే బాగుంటుంది. ఎండలోకి తీసుకెళ్లే తిండికి ఇంతకన్నా మంచి గుణం ఏముంటుంది?

పొట్టిక్కలదీ అదే తీరు. పనసాకులు నాలుగు తీసుకుని పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి పట్టడమే. అంబాజీపేట హోటళ్ల వల్ల ఇప్పుడు వీటికి దూరప్రాంతాల్లోనూ పేరొచ్చింది. ఆ ఆకుబుట్టే గిన్నె, అదే కంచం. తిన్నాక ఏ చెట్టు మొదట్లో వేసినా మట్టిలో కలిసిపోతుంది. వాటికి కొబ్బరిపచ్చడి కాకుండా చింతపండూ బెల్లం దట్టించిన అల్లప్పచ్చడి కట్టేవాళ్లు. కారణం మళ్లీ అదే.

దద్దోజనం కిటుకు మాత్రం చాలామంది మరిచిపోతున్నారు. పెరుగు కలిపి తీసుకెళ్తే చేరేసరికి పులిసిపోతుంది. అమ్మమ్మ మెత్తగా వండిన అన్నాన్ని వేడి మీదే మెదిపి, కాచి చల్లార్చిన పాలు బాగా పోసి, చెంచాడు పెరుగు మాత్రం తోడుకు వేసేది. దారంతా తోడుకుంటూ, తినే వేళకు కమ్మగా గట్టిపడేది. ఆ మనిషి ఎండని కూడా పనిలోకి పెట్టుకుంది!

మేం దిగే చోటునుంచి అక్విడెక్టు కనిపించేది. ఆర్థర్ కాటన్ కాలంలో, 1850ల మొదట్లో, లెఫ్టినెంట్ హేగ్ ఆధ్వర్యంలో కట్టినది. 49 కమానుల మీదుగా కాలువనీరు వైనతేయను దాటి నగరం లంకకు, అంటే నేటి రాజోలు వైపుకు వెళ్లేది. కింద నది, పైన కాలువ. వేసవిలో కాలువలు కట్టేస్తారు గనక పైన పారకం ఆగేది. కింద ఇసుక తేలి, పాయ సన్నబడేది.

ఆ ఇసుకలో మగవాళ్ల పని మొదలయ్యేది. ఎండిన కొబ్బరాకులతో మంట రాజేసి, మట్టలు వేసి, అవి కూలాక కొబ్బరి చిప్పలు పేర్చేవారు. చిప్పల నిప్పు పొగ తగ్గాక నిలకడగా కణకణలాడుతుంది. పట్నంలో బొగ్గుల సంచి కొనుక్కుని బార్బెక్యూ చేసేవాళ్లను చూసినప్పుడల్లా మా తోటల్లో కుప్పలుగా పడుండే చిప్పలు గుర్తొస్తాయి. నూనె రాసిన వంకాయలు ఆ నిప్పుల మీద చర్మం నల్లబడి చిట్లేదాకా దొర్లించాలి. పక్కనే పచ్చిమిర్చి, టమాటాలు. తొక్క ఒలిచి, ఉప్పూ చింతపండూ వేసి చేత్తోనే పిసికి, చివర్న పచ్చి ఉల్లిపాయ ముక్కలు. అప్పటికప్పుడు తినేది కాబట్టి ఇక్కడ ఉల్లికి అనుమతి ఉండేది. మాంసం సంగతికొస్తే, మారేడుమిల్లి ఏజెన్సీలో పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకుతో మూతిబిగించి మంటల్లో పెడతారు. నూనె లేకుండా, బొంగులోని తేమతోనే ఉడుకుతుంది. అడవిలో వెదురు, మా దగ్గర కొబ్బరి.

నీటి అంచున ఇసుక తవ్వితే చెలమ ఊరేది. అందులో మజ్జిగ కుండ మెడదాకా దించేవాళ్లం. ఉప్పు, నలిపిన దబ్బాకు, దంచిన అల్లం. తాటిముంజలు బొటనవేలితో పొడిచి తింటే ముంజనీళ్లు మోచేతిదాకా కారేవి. పిల్లలు నీళ్లలోకి దిగితే ఒక పెద్దమనిషి తప్పకుండా వెంట ఉండేవాడు. పైకి మోకాలి లోతే కనిపించే చోట ఇసుక తీసిన గోతులుంటాయి. ఈ మాట సరదా వ్యాసంలో ఇమడకపోయినా సరే, చెప్పి తీరాలి.

తినేముందు అమ్మమ్మ ఒక క్యారియర్ విడిగా తీసి పక్కన పెట్టేది. పడవ వాళ్లకు, దోసపాదులు కాసుకునే లంకరైతుకు, దారినపోయేవాళ్లకు. ఇది ఆమె సొంత అలవాటేమీ కాదు, ఆ నేలది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూసేదాకా, ఏ వేళకు ఎవరొచ్చినా కులమూ ఊరూ అడక్కుండా విస్తరి వేసిన ప్రాంతం ఇది. 2000లో పాత అక్విడెక్టు పక్కనే కట్టిన కొత్తదానికి ఆమె పేరే పెట్టారు. ఆ వంతెన దాటుతున్నప్పుడల్లా, నీళ్లు మోసే కట్టడానికి అన్నం పెట్టిన మనిషి పేరు ఎంత చక్కగా అమిరిందో అనిపిస్తుంది.

ఒక ఏడు పెద్ద మామయ్య వంకాయ పచ్చడి కలిపి, భయంభయంగా అమ్మమ్మ ఆకులో వేశాడు. ఆమె అప్పటికి చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి దోపుకుని, పాదాలు నీళ్లలో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక ముద్ద తిని, కళ్లు మూసుకుని కాసేపు ఊరుకుంది.

"ఒరేయ్ పెద్దోడా, ఇంకో కాయ కాల్చు" అంది.