నాలుగో టవర్, రెండో సెక్టార్, పదిహేడో ఇల్లు

ఆ రోజు స్టాండప్ మీటింగ్‌లో ఉన్నా. టేబుల్ మీద ఫోన్ వణుకుతోంది. మావయ్య. ఒకసారి కట్ చేశా, రెండోసారి కట్ చేశా. మూడోసారి ఫోన్ రాలేదు, వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. మావయ్య వాళ్ల అరుగు మీద ఒక తెల్ల డిష్, పక్కన చుట్ట చుట్టిన వైరు. కింద ఒకటే లైను: "తెచ్చి పడేసి పోయినాడు."

మా మావయ్య ఊళ్లకి ఇంటర్నెట్ ఇస్తాడు. కనిగిరి వైపు మెట్ట ఊళ్లు మావి. ఒకప్పుడు కేబుల్ టీవీ నడిపేవాడు. జనం ఫోన్లలో సినిమాలు చూడ్డం మొదలెట్టాక కేబుల్ కనెక్షన్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. 2018లో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మరికొంత భాగాన్ని లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చంది. ఆ తర్వాత మావయ్య ఇంటర్నెట్ వైపు తిరిగాడు. టౌన్‌లో ఆయన మేడ మీదికి ఫైబర్ వస్తుంది. అక్కణ్నుంచి గుట్ట మీదికి, గుట్ట మీంచి ఊళ్లకి, అంతా గాల్లోనే. మొత్తం ఐదు టవర్లు, 380 ఇళ్లు. టవర్లు అంటే పెద్దవేం కాదు. ఎవరిదో మేడ, దాని మీద ఇనుప పైపు, పైపుకి రెండు మూడు యాంటెన్నాలు. మేడ ఇచ్చినందుకు వాళ్లకి నెట్ ఫ్రీ.

డిష్ పడేసి పోయినాయన నాలుగో టవర్ ఊరాయన. వాళ్లమ్మాయికి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి అదే ఆఖరి రోజు. ముందురోజు సాయంత్రం నుంచి ఊళ్లో నెట్ లేదు. మొబైల్ సిగ్నల్ ఆ ఊళ్లో ఎప్పుడూ అంతంతే. పొద్దున్నే అమ్మాయిని బండెక్కించుకుని 11 కిలోమీటర్లు వచ్చి టౌన్‌లో నెట్ సెంటర్‌లో ఆప్షన్లు పెట్టించాడు. తిరిగి ఊరెళ్లి, డిష్ పీకి, మళ్లీ 11 కిలోమీటర్లు వచ్చి మావయ్య అరుగు మీద పెట్టాడు. ఒక్క మాట అనలేదట. "తిట్టినా బాగుండేదిరా" అన్నాడు మావయ్య.

ఇంతకీ నెట్ ఎందుకు పోయింది? పక్క ఊళ్లో ఒకాయన కొత్త వైఫై రౌటర్ కొన్నాడు. నీలం పోర్టులో పెట్టాల్సిన వైరు పసుపు పోర్టులో పెట్టాడు. అంతే!

నవ్వకండి, ఇది నిజం. మావయ్య నెట్‌వర్క్ మొత్తం ఒకటే పెద్ద హాలు. టెక్నికల్‌గా చెప్పాలంటే 192.168.0.0/22 అనే ఒకే సబ్‌నెట్, అన్ని టవర్లూ ఒకే బ్రిడ్జ్. ఒకే పందిరి కింద 380 కుటుంబాల్ని కూర్చోబెట్టి ఒకటే మైకు ఇచ్చినట్టు. కొత్తగా ఆన్ అయిన ప్రతి రౌటరూ "నాకు ఐపీ అడ్రస్ ఎవరిస్తారు?" అని అందరికీ వినబడేలా అరుస్తుంది. మామూలుగా టౌన్‌లో ఉన్న మావయ్య రౌటర్ జవాబిస్తుంది. వైరు తప్పు పోర్టులో పడిన ఆ కొత్త రౌటర్ కూడా "నేనిస్తా" అంది. దగ్గర్లో ఉంది కాబట్టి ముందు అదే పలికింది. ఎవరి జవాబు ముందొస్తే వాళ్లదే మాట. రెండు ఊళ్ల ఇళ్లన్నీ దారి తెలియని ఒక డబ్బాని గేట్‌వే అనుకుని కూర్చున్నాయి.

పైగా ఇంట్లో వాడే రౌటర్లు చాలావాటికి సొంత నంబర్ 192.168.0.1 లేదా 192.168.1.1. మావయ్య ఇచ్చే నంబర్లూ అవే వరసలోవి. వీధి గుమ్మానికీ పెరటి గుమ్మానికీ ఒకటే డోర్ నంబర్ ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? ఆ రౌటర్లూ అదే చేసేవి. ఇది కాక, ఇలా అందరికీ వినబడే కేకల్ని రేడియో తన అతి తక్కువ స్పీడ్‌లో పంపుతుంది, దూరంగా ఉన్నవాళ్లకీ అందాలని. 380 ఇళ్ల కేకలు ప్రతి టవర్ మీదా అలా నెమ్మదిగా వినిపిస్తుంటే యూట్యూబ్‌కి మిగిలే టైమెంత?

"నువ్వు కంప్యూటర్ ఇంజినీరువే కదరా. ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. నేను రాసేది పేమెంట్ పేజీల వెనక కోడ్. నెట్‌వర్కింగ్ బీటెక్ మూడో ఏడులో చదివి, పాసై, మర్చిపోయినవాణ్ని. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

దసరాకి వారం సెలవు పెట్టి వెళ్లా. రెండు రోజులు కూర్చుని ఎక్సెల్‌లో అందంగా ప్లాన్ వేశా. కాలేజీలో నేర్పినట్టే, ఒక్క అడ్రస్ కూడా వృథా పోకుండా. నాలుగో టవర్ రెండో సెక్టార్‌లో 23 ఇళ్లున్నాయా, అయితే దానికి /27, అంటే 30 అడ్రస్‌లు. ఇంకోచోట 11 ఇళ్లకి /28. రెండు టవర్ల మధ్య లింకులకి /30, రెండు చివరలకి రెండు నంబర్లు సరిపోతాయి. టెట్రిస్ ముక్కల్లా అన్నీ ఒకదానిలో ఒకటి ఇరుక్కున్నాయి. పరీక్షలో అయితే పదికి పది.

మావయ్య కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "ఈ ఊళ్లో సంక్రాంతికి ఇంకో పది ఇళ్లొచ్చినయ్యనుకో?"

పదొస్తే 33. ముప్పైలో పట్టవు. పక్కనే ఇంకో సెక్టార్ ముక్క ఇరికించా కాబట్టి పెంచడానికీ లేదు.

"రాత్రి తొమ్మిదింటికి ఎవడో ఫోన్ చేసి నంబర్ చెప్పాడనుకో. అది ఏ ఊరో మనోడికి ఎట్టా తెలిసిద్ది?" మనోడంటే టవర్లెక్కే తమ్ముడు. పదో తరగతి తర్వాత ఐటీఐ చేశాడు. ఏ నట్టుకి ఏ స్పానరో కళ్లు మూసుకుని చెప్తాడు. 10.1.3.97/27 ఏ ఊరిదో వాడికి చెప్పమంటే నేనూ ఎక్సెల్ తెరవాల్సిందే.

అప్పుడు వెలిగింది. ప్రైవేట్ అడ్రస్‌లకి నేనెందుకు పిసినారితనం చేస్తున్నా? ఒక్క 10.0.0.0/8 లోనే కోటీ అరవై ఏడు లక్షల నంబర్లున్నాయి. మా దగ్గరున్నవి 380 ఇళ్లు. నాకు కొరత నంబర్లు కాదు. రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో అర్థమయ్యే నంబర్.

రెండో ప్లాన్ మావయ్య నోట్‌బుక్‌లో పెన్నుతో రాశాం. కస్టమర్లకి 100.64.0.0/10 వరసలోంచి ఇచ్చాం. ప్రొవైడర్లు ఇళ్లకి పంచుకోవడానికని 2012లో విడిగా తీసిపెట్టిన నంబర్లవి, ఇంట్లో రౌటర్ నంబర్లతో గొడవ రాకుండా. రెండో అంకె టవర్‌ది, టవర్ నంబర్‌కి 70 కలపాలి. మూడోది సెక్టార్. నాలుగోది ఇల్లు. 100.74.2.19 అంటే నాలుగో టవర్, రెండో సెక్టార్, పంతొమ్మిదో ఇల్లు. అంతే. ఒక్కో సెక్టార్‌కి /24, పది ఇళ్లొచ్చినా వందొచ్చినా పడతాయి. టవర్ మొత్తం బయటి రౌటర్లకి 100.74.0.0/16 అని ఒకటే లైనుగా కనబడుతుంది. మా సొంత సామాన్లకి మాత్రం 10 వరస. అందులో రెండో అంకె టవర్ నంబరే.

ఇళ్ల నంబర్లు మావయ్యే చెప్పాడు, వీధి వరసలో, కాగితం చూడకుండా. "రామాలయం పక్కిల్లు పన్నెండు. దాని ఎదురు పదమూడు. ఆ ఇంటి వేపచెట్టు చిగురేస్తే సిగ్నల్ పడిపోయిద్ది, రాసుకో." రాసుకున్నా. పదిహేడు దగ్గర ఆగాడు. ఆ డిష్ తెచ్చి పెట్టినాయన ఇల్లు. "రాయమాక. ఖాళీగా ఉంచు. పక్కిల్లు పద్దెనిమిది."

నిజంగా పిసినారితనం చూపించాల్సింది పబ్లిక్ ఐపీల దగ్గర. పైవాళ్లు మావయ్యకిచ్చింది ఒక /28. పదహారులో మొదటిదీ చివరిదీ పోను, గేట్‌వేకి ఒకటి పోను, చేతిలో 13. ఆ పదమూడింటి వెనకే 380 ఇళ్లూ బయటికి వెళ్లాలి. ఒక్కో ఐపీలో వాడుకోదగ్గ పోర్టులు 64 వేల పైచిలుకు. ఇంటికి 2000 చొప్పున ఇస్తే ఐపీకి 32 ఇళ్లు. మొత్తం 416. ఎవరైనా ఆన్‌లైన్‌లో తప్పుడు పని చేస్తే పోలీసులు వచ్చి ఏ ఇల్లని అడుగుతారు. ఐపీ, టైము, పోర్టు చెప్తే మనం ఇల్లు చూపించాలి. 417వ కనెక్షన్ వచ్చిన రోజు మళ్లీ కూర్చోవాలి. ఆ రోజు రావాలనే మా కోరిక.

ఇక రౌటింగ్. నాలుగో టవర్‌కి రెండు దారులున్నాయి. గుట్ట మీంచి ఒకటి, మూడో టవర్ మీంచి పాత రేడియోలతో ఇంకొకటి. ఒకే బ్రిడ్జ్‌లో రెండు దారులూ తెరిస్తే కేకలు గుండ్రంగా తిరిగి అంతా స్తంభించిపోతుంది. అందుకని రెండో వైరు పీకి ఉంచేవాళ్లు. మొదటిది పోతే తమ్ముడు వానలో టవరెక్కి రెండోది గుచ్చేవాడు. ఓఎస్‌పీఎఫ్ పెడితే రౌటర్లు తమలో తాము మాట్లాడుకుని దగ్గరి దారి చూసుకుంటాయి. లోపల ఉండేది డైక్‌స్ట్రా అల్గారిథమ్. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూల కోసం బట్టీ పట్టింది అదే! ఉద్యోగంలో చేరాక ఒక్కసారీ అవసరం పడలేదు. చివరికి గొర్రెలు మేసే గుట్ట మీద దొరికింది.

ఒక చిక్కుంది. రౌటర్‌కి కనబడేది రేడియోకి వెళ్లే వైరు. అది గిగాబిట్ వైరు. గాల్లో నిజంగా పోయేది 40 మెగాబిట్లే అని దానికెలా తెలుస్తుంది? రెండు దారులూ సమానమనుకుని ట్రాఫిక్ చెరి సగం పంచింది. టెస్ట్ చేసిన సాయంత్రం సగం వీడియోలు పరిగెత్తాయి, సగం గిరగిరా తిరిగాయి. గుట్ట లింకులకి 10, పాతదానికి 60 అని కాస్ట్ చేత్తో రాస్తే దారికొచ్చింది.

అసలు మార్పు ఎక్కణ్నుంచి మొదలెట్టాలన్నదానికీ మావయ్య దగ్గరే సమాధానం ఉంది. నేను టౌన్ నుంచి అన్నా. "చెట్టెక్కి మొదట్లో నరుకుతారంట్రా ఎవరన్నా? చివరి కొమ్మ నుంచి రావాలి." చివరి కొమ్మ నాలుగో టవర్.

అర్ధరాత్రి దాటాక, మావయ్య మేడ మీద లాప్‌టాప్‌తో కూర్చున్నా. నాలుగో టవర్ రౌటర్‌లో బ్రిడ్జ్‌లోంచి ఒక పోర్టు తీసేశా. దానికి కొత్త అడ్రస్ ఇవ్వబోతుంటే స్క్రీన్ ఆగిపోయింది. నేను ఏ కొమ్మ మీద కూర్చున్నానో ఆ కొమ్మే నరికా. కనెక్షన్ తెగితే మార్పుల్ని వెనక్కి తిప్పే సేఫ్ మోడ్ ఆ మైక్రోటిక్‌లో ఉంది. నొక్కడం మర్చిపోయా. ఆఫీసులో అయితే రోల్‌బ్యాక్ అని ఒక బటన్ ఉంటుంది. ఇక్కడ రోల్‌బ్యాక్ అంటే బండి.

ఒకటిన్నరకి ఊరు చేరాం. టవర్ ఉన్న ఇల్లు తలుపేసి ఉంది. మేడ మెట్లు లోపలి నుంచే. తలుపు కొడదామంటే మావయ్య చెయ్యి పట్టుకున్నాడు. "ముసలామె. ఇప్పుడు లేపితే మళ్లీ నిద్రపట్టదు. నాలుగింటికి గేదె దగ్గరికి లేచిద్ది." రెండున్నర గంటలు అరుగు మీద కూర్చున్నాం. ఎదురుగా కనబడుతూనే ఉంది ఆ పదిహేడో ఇల్లు. డిష్ పీకేసిన పైపు అలాగే ఉంది.

టౌన్‌లోకి పెద్ద కంపెనీ ఫైబర్ వచ్చిందనీ, దసరా ముందు నెలలోనే తొమ్మిది మంది అటు వెళ్లిపోయారనీ అక్కడే చెప్పాడు మావయ్య. గుట్ట మీద రేడియోలకి అత్తయ్య గాజులు తాకట్టు పెట్టిన సంగతీ అప్పుడే తెలిసింది. "ఊళ్లకి వాళ్లిప్పుడే రారు. వచ్చేలోపు ఇది నిలబడిద్దా?" నాకేం చెప్పాలో తెలియలేదు. నిలబడుద్దని గట్టిగా చెప్పడానికి, అరవై ఇళ్లకి నెట్ తీసేసి ఆ అరుగు మీద కూర్చున్నవాణ్ని నేనే కదా.

నాలుగుంపావుకి ఆమె లేచింది. మమ్మల్ని చూసి "పిలవకపోయినారా అయ్యా" అని తిట్టింది, టీ ఇచ్చింది. కేబుల్ పెట్టి పది నిమిషాల్లో సరిచేశా. మిగతా నాలుగు టవర్లకి నాలుగు రాత్రులు పట్టింది. ప్రతి రాత్రీ మొదట సేఫ్ మోడ్ నొక్కా.

మే నెలలో ఒక గాలివాన రాత్రి గుట్ట మీద పిడుగు పడింది. నాకు తెల్లారి తెలిసింది. రౌటర్లు పది సెకన్లకోసారి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి, నలభై సెకన్లు జవాబు లేకపోతే ఆ దారి మూసేసినట్టే లెక్క. నాలుగో టవర్ ఊరు ఆ నలభై సెకన్లు ఆగి, పాత దారిలో నెమ్మదిగా నడిచింది. "రేడియో మాడిపోయింది, పన్నెండు వేలు" అన్నాడు మావయ్య. గొంతులో బాధే లేదు. "ఒక్కడు కూడా ఫోన్ చెయ్యలేదురా."

ఇప్పుడు తమ్ముడు నాకు ఫోన్ చేయడం మానేశాడు. పండక్కి వెళ్లినప్పుడు నోట్‌బుక్ తిరగేశా. 74.2 పేజీలో ఇళ్లు 31కి చేరాయి. అన్నీ వాడి గుండ్రటి రాతలోనే. పదహారు తర్వాత పద్దెనిమిది. కొత్త కనెక్షన్ ఒకటి ఆ ఖాళీలో రాయబోతే మావయ్య ఆపాడని చెప్పాడు.

"ఎందుకంటే ఏమన్నాడు?" అన్నా.

"ఆ ఇంటి చిన్నమ్మాయి ఇంటర్‌లో చేరిందంట అన్నా."