విమానంలో ద్వాదశీ పారణ

ఈ విషయం వ్రాయాలా వద్దా అని చాలా కాలం సంశయించాను. నిత్యం తీర్థప్రసాదాలు ఇచ్చే చేతితో నా అపచారాన్ని నేనే వ్రాసుకోవలసి రావడం ఆ సంకోచానికి కారణం. ఇటీవల మా అబ్బాయి తన ఫోనులో కొన్ని దృశ్యాలు చూపించాడు. విమానాలలో నీళ్ళ కోసం, భోజనం కోసం, సీటు కోసం ప్రయాణికులు సిబ్బందిపై విరుచుకుపడుతున్న దృశ్యాలవి. “చూశారా నాన్నగారూ, చదువుకున్నవాళ్ళు ఎలా ప్రవర్తిస్తున్నారో!” అన్నాడు. నేను మౌనం వహించాను. అటువంటి దృశ్యంలో నేనూ ఒక పాత్రధారినేనని, ఆనాడు ఎవరూ ఫోను ఎత్తకపోవడం చేతనే ఈ గౌరవం నిలిచి ఉన్నదని వాడికి తెలియదు.

కొన్నేళ్ళ క్రితం పుష్యమాసంలో కాశీక్షేత్రంలో వేదపారాయణకు నాకు ఆహ్వానం వచ్చింది. రైలులో వెళితే బహుళ ఏకాదశి నాటి స్వామి కైంకర్యానికి నేను ఉండను. అది గ్రహించి ఒక భక్తుడు విమానపు టిక్కెట్టు కొనిపెట్టారు. ఏకాదశి నాడు మధ్యాహ్నార్చన ముగించి, సాయంకాలపు సేవలు తమ్ముడికి అప్పగించి, గోదావరి దాటి కారులో శంషాబాదు చేరాను. ఉపవాసంతోనే విమానాశ్రయంలో రాత్రి గడిచింది.

ఏకాదశీ వ్రతానికి ఉపవాసం ఎంత ప్రధానమో, ద్వాదశిలో పారణ అంత ప్రధానమని పాఠకులకు తెలియనిది కాదు. ఆనాడు సూర్యోదయం 6 గంటల 48 నిమిషాలకు. పంచాంగం ప్రకారం ద్వాదశి 7 గంటల 42 నిమిషాల వరకే. సూర్యచంద్రుల నడుమ 12 భాగల ఎడము పెరిగితే ఒక తిథి పూర్తవుతుంది. మనం నేల మీద ఉన్నా ఆకాశంలో ఉన్నా ఆ క్షణం మారదు. కనుక విమానంలోనే తులసీదళంతో జలపారణ చేయాలని సంకల్పించుకున్నాను. దళాలు చేతిసంచిలో భద్రంగా ఉన్నాయి. నీళ్ళ సీసా మాత్రం భద్రతా తనిఖీ దగ్గర తీసి, బల్ల మీదనే మరచిపోయాను. తప్పు నాదే. అయితే ఆ సంగతి నాకు విమానంలో కూర్చున్న తరువాత గాని తెలియలేదు.

ఆరు గంటలకు తలుపులు మూశారు. విమానం కదలలేదు. గంగాతీరమంతటా దట్టమైన పొగమంచు ఉన్నదని, అక్కడ చూపు ఆనేవరకు ఇక్కడి నుండి బయలుదేరడానికి అనుమతి రాదని కెప్టెన్ ప్రకటించారు. పుష్యమాసంలో ఉత్తరదేశానికి వెళ్ళేవారికి ఇది కొత్త కాదట. సూర్యోదయం కాగానే నేను నెత్తిమీది గంట మీట నొక్కాను. ఒక పరిచారిక వచ్చింది. ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్ళు ఉంటాయి. అనుమతి ఏ క్షణాన్నైనా రావచ్చునని, సాధారణంగా పైకి లేచాకే నీళ్ళు ఇస్తామని, అయినా తెచ్చిస్తానని హిందీలో మర్యాదగా చెప్పి వెళ్ళింది. తిరిగి రాలేదు. పది నిమిషాల తరువాత మళ్ళీ నొక్కాను. ఎవరూ రాలేదు.

నా ముందువరుసలో ఒక పెద్దమనిషి అప్పటికే అసహనంతో ఉన్నారు. “తొమ్మిది వేలు పోసి టిక్కెట్టు కొన్నాం, గుక్కెడు నీళ్ళకు దిక్కు లేదా?” అని లేచి నిలబడి కేకలు ప్రారంభించారు. ఆ పిల్ల నడవలో త్వరత్వరగా ముందుకు పోతుంటే చేయి అడ్డం పెట్టి ఆపారు. నేను గడియారం చూసుకున్నాను. 7 గంటల 18 నిమిషాలు. ద్వాదశికి మిగిలినది 24 నిమిషాలు.

అప్పుడు నేను అన్నాను. ఆమెకు తెలుగు రాదన్న ధైర్యంతో, పక్కనున్నవారితో అంటున్నట్లుగా, అందరికీ వినిపించేలా అన్నాను: “నీళ్ళందించడానికే కదా వీళ్ళకు జీతాలిచ్చేది! ఆ మాత్రం కూడా చేతకాకపోతే ఈ వేషాలెందుకు?”

ఆమె నా వైపు తిరిగింది. “స్వామీ, వెనక వరుసలో ఒక పెద్దాయన కళ్ళు తిరిగి పడిపోయారండి. ఆక్సిజన్ పెట్టాం. ముందు నుంచి మందుల పెట్టె తీసుకెళ్ళాలి. రెండు నిమిషాలు ఓర్చుకోండి,” అన్నది. స్వచ్ఛమైన మా గోదావరి తెలుగు.

పెద్దమనిషి చేయి దానంతట అదే దిగింది. నా నాలుక మాత్రం ఎక్కడికి దిగుతుంది? 7 గంటల 31 నిమిషాలకు ఆమె ఒక కాగితపు గ్లాసుతో నీళ్ళు తెచ్చి, రెండు చేతులతో పట్టుకొని అందించింది. తులసీదళం వేసుకొని స్వీకరించాను. శాస్త్రోక్తమైన కాలంలోనే పారణ అయింది.

ఆ నీళ్ళు గొంతు దిగుతున్నప్పుడు నాకు స్ఫురించినది అంబరీషోపాఖ్యానం. భాగవతం నవమ స్కంధంలోని ఆ కథను నేను ఎన్ని ఏకాదశులకు పురాణంగా చెప్పి ఉంటానో లెక్క లేదు. సంవత్సర ద్వాదశీ వ్రతం పూర్తిచేసి పారణకు సిద్ధంగా ఉన్న మహారాజు వద్దకు దుర్వాసుడు అతిథిగా వచ్చి, యమునకు స్నానానికి వెళ్ళి, తిరిగి రావడంలో ఆలస్యం చేశాడు. ద్వాదశికి అర్ధముహూర్తమే మిగిలింది. ముహూర్తమంటే 48 నిమిషాలు. అందులో సగం 24. అతిథికంటె ముందు భుజించరాదు, ద్వాదశి దాటించరాదు. జలప్రాశనం భుజించినట్లూ అవుతుంది, భుజించనట్లూ అవుతుందని విప్రులు నిర్ణయించగా, రాజు నీళ్ళు మాత్రం పుచ్చుకొని మునికోసం ఎదురుచూశాడు. ముని వచ్చి, అది గ్రహించి, క్రోధంతో కృత్యను సృష్టించాడు. సుదర్శనం ఆ కృత్యను దహించి మునిని లోకాలన్నిటా తరిమింది.

ఆ ఉదయం నా చేతిలో ఉన్నదీ అదే తిథి, అదే అర్ధముహూర్తం, అవే నీళ్ళు. ఇన్నేళ్ళుగా ఆ కథ చెబుతూ నేను మనసులో నిలుచున్నది ఎప్పుడూ అంబరీషుని పక్కనే. వ్రతనిష్ఠ ఉన్నవాడిని గనుక నాకు ఆ స్థానం సహజమని భావించాను. వ్రతం నాదైనా, ఆ విమానంలో నేను నిలబడినది దుర్వాసుని చోట. అదీ ఆయన తపస్సు లేకుండా.

అతిథిసత్కారం గురించి మనవారు గొప్పగా చెప్పుకుంటారు. మా తైత్తిరీయ శాఖలో శీక్షావల్లి వల్లిస్తూనే మేము పెరిగాము. విద్య ముగించి ఇంటికి వెళ్ళే శిష్యునికి, అతిథిని దైవంగా చూడమని ఆచార్యుడు చేసే అనుశాసనం అందులో ఉన్నది. అయితే ఆ ఆజ్ఞ ఎవరికి? ఇంటి యజమానికి. నీవు అతిథివి గనుక నిన్ను నీవు దేవుడవని భావించుకో అని ఆ అనుశాసనంలో ఎక్కడా లేదు. కఠోపనిషత్తులో నచికేతుడు యముని ఇంట మూడు రాత్రులు నిరాహారుడై ఉన్నాడు. అతనికి అర్ఘ్యపాద్యాలకు నీళ్ళు తీసుకొని వెళ్ళమని యమునికి ఇంటివారే చెప్పారు; అతిథి ఆకలితో ఉంటే ఇష్టాపూర్తాలు సైతం నశిస్తాయన్న భయం ఇంటివారిది. బాలుడు ఫిర్యాదు చేయలేదు. వరం కోరమంటే మొదట కోరినది తన తండ్రి కోపం శమించాలని. మూడు రాత్రుల ఆకలి ఆ పిల్లవానిది. నాది ఒక్క రాత్రి.

టిక్కెట్టు కొన్నవాడు అతిథి ఎలా అవుతాడు, అతడు క్రేత కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. డబ్బు తీసుకొని మనిషిని మూసిన తలుపుల వెనక కూర్చోబెట్టిన సంస్థ నీళ్ళు ఇవ్వవలసిందే. రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలు ఆలస్యమైతే అల్పాహారం సైతం ఇవ్వాలని మన దేశంలో నియమమే ఉన్నది. నీళ్ళు అడగడం నా దోషం కాదు. కానీ ఖర్చు తగ్గించి లాభం చూసుకునే యజమాని ఆ నడవలో నిలబడడు. నిలబడేది ఆ పిల్ల. (టిక్కెట్టుకు నేను ఒక్క రూపాయి చెల్లించలేదన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి.)

ఇది నాకు తెలియని విషయమా? ముక్కోటి ఏకాదశి నాడు మా ఆలయంలో తెల్లవారుజాము నుండి వరుస వీధి చివరి వరకు ఉంటుంది. దర్శనపు ధర నేను నిర్ణయించను; ప్రసాదపు కొలత నేను నిర్ణయించను. కానీ “యాభై రూపాయల టిక్కెట్టుకు ఇంతేనా పులిహోర?” అన్న మాట పడేది నేను. ఒక సంవత్సరం ఒక గృహస్థు శఠారి సరిగా తలకు తగలలేదని గుడి దద్దరిల్లేలా అరిచాడు. నా అధ్యయనమంతా ఒక పులిహోర ముద్ద బరువుకు తూగిందే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ అవమానాన్ని ఇంత కాలం ఆభరణంలా దాచుకున్నవాడినే, అదే మాటను మరొకరి మీదికి విసిరాను.

పరిచారిక అన్న పదం కూడా నాకు కొత్తది కాదు. ఆగమోక్తమైన ఆలయాలలో అర్చకునితో పాటు పరిచారకుడు ఉంటాడు. అభిషేకజలం తేవడం, దీపాలు సిద్ధపరచడం, పాత్రలు శుభ్రం చేయడం అతని కైంకర్యం. మా తండ్రిగారు గర్భాలయంలో ఉన్న కాలంలో ఆరేళ్ళు నేను చేసినది ఆ పనే. కాలువ నుండి తీర్థపు బిందె భుజాన మోసుకొని వచ్చేవాడిని. బిందె ఆలస్యమైతే నాన్నగారు కోపించేవారు కాదు, గంట మ్రోగించడం కాసేపు ఆపేవారు. ఆ నిశ్శబ్దమే నాకు చాలేది.

మా ఆలయానికి వచ్చే భక్తులలో ఒకరు విమానరంగంలో ఉద్యోగం చేసి విరమించినవారు. ఆయనకు ఈ సంగతంతా చెప్పాను. 180 సీట్ల విమానంలో పరిచారకులు సాధారణంగా నలుగురే ఉంటారని, 50 సీట్లకు ఒకరు చొప్పున లెక్క అని చెప్పారు. ఆ లెక్క భోజనం వడ్డించడానికి వేసినది కాదట. ఆపద వస్తే, సగం ద్వారాలే తెరుచుకున్నా, 90 సెకన్లలో అందరినీ బయటకు పంపగలగాలన్నది విమానాలకు పెట్టే పరీక్ష. అటువంటి వేళకోసమే వారు శిక్షణ పొందుతారట. 1930లో అమెరికాలో ఈ ఉద్యోగానికి మొదట చేరిన స్త్రీ ఎలెన్ చర్చ్ ఒక నర్సు అని కూడా ఆయనే చెప్పారు. అంటే రోగికి శుశ్రూష చేసేవారితోనే ఈ వృత్తి మొదలైంది. ఆ ఉదయం ఆ అమ్మాయి వెనక వరుసలో చేస్తున్నది కూడా ఆ పనే. “2017 నుండి నోటి దురుసుతనానికి కూడా మూడు నెలల వరకు విమానం ఎక్కకుండా నిషేధించవచ్చు స్వామీ,” అని ఆయన నవ్వుతూ అన్నారు. నేను నవ్వలేకపోయాను.

ఆ రోజు విమానం ఎనిమిదిన్నరకు లేచింది. కాశీలో దిగేటప్పుడు ఆమె ద్వారం దగ్గర నిలబడి అందరికీ నమస్కరిస్తున్నది. క్షమించమ్మా అని చెప్పాలని వరుసలో నడుస్తూ నాలుగైదు సార్లు మనసులో పలికి చూసుకున్నాను. దగ్గరకు రాగానే నా చేయి అలవాటుగా పైకి లేచింది. “చల్లగా ఉండు తల్లీ,” అన్నాను. క్షమాపణ కోరవలసిన చోట ఆశీర్వదించి వచ్చాను. యాభై ఏళ్ళలో నాకు అభ్యాసమైనది ఆ ఒక్క ముద్రే. ఆమె తల వంచి స్వీకరించింది. అది మరింత బాధించింది.

పారాయణ సభలో వృద్ధులైన ఒక ఘనపాఠి గారి పక్కన నాకు ఆసనం దొరికింది. విరామంలో జరిగినదంతా చెప్పి, క్రోధంతో కలుషితమైన పారణ సఫలమేనా అని అడిగాను. ఏదైనా ప్రాయశ్చిత్తం విధిస్తారని, జపసంఖ్య చెబుతారని నా ఆశ. వారు అంతా విని, “నీళ్ళు కాలంలో పడ్డాయి కదా, నీ పారణకు లోటు లేదు. దుర్వాసుడు తిరిగి వచ్చేదాకా అంబరీషుడు ఏడాది పాటు నీళ్ళమీదే ఉన్నాడు. ఆ పిల్ల ఎప్పుడు తిన్నదో అడిగావా?” అన్నారు.

అడగలేదు.

తిరుగు ప్రయాణంలో పరిచారిక వేరే అమ్మాయి. నీళ్ళు ఇవ్వడానికి వచ్చినప్పుడు, నాకు వచ్చిన కొద్దిపాటి హిందీలో తడబడుతూ, తిన్నావా అమ్మా అని అడిగాను. నా హిందీ ఆమెకు ఎలా అర్థమయిందో గాని, నాకు ఆకలిగా ఉన్నదనుకొని, పరుగున వెళ్ళి ఆహారపదార్థాల ధరల పట్టిక తెచ్చి నా చేతిలో పెట్టింది.