ఆషాఢంలో బ్యాండు బడి

ఆత్మకూరు, సోమవారం రాత్రి

నాన్నకు,

క్షేమంగా చేరాను. ఫోనులో గొంతు అపశ్రుతిగా ఉంటుందని మీరు రెండు మాటలకే పెట్టేస్తారు కదా, అందుకే ఉత్తరం. నెల్లూరులో దిగేసరికి ఆత్మకూరు బస్సు కదలబోతూ ఉంది. బుచ్చిరెడ్డిపాళెం, సంగం దాకా పెన్న కాలువల కింద ఎడగారు వరి. ఆ పైన నేల ఎర్రబడి, మెట్ట మొదలైంది. ఇక్కడ టీ కొట్లో కూర్చున్నా, మంగలి షాపులో కూర్చున్నా మాటలన్నీ సోమశిల మీదే. 78 టీఎంసీలు పట్టే డ్యాము పక్కనే ఉంది, నీళ్ళు ఎన్ని వచ్చాయన్నదే ఊరి పంచాంగం.

మా బడి ఒక కల్యాణ మండపంలో. ఆషాఢం కాబట్టి ఖాళీ, యజమాని అద్దె అడగలేదు, కరెంటు బిల్లు మాత్రం మాదే. ఇది ఏ సంస్థా పెట్టింది కాదు. ఈ చుట్టుపక్కల బ్యాండు మాస్టర్లు తలా కొంత వేసుకుని, పటాలం బ్యాండులో చేసి రిటైరైన ఒక సుబేదారు గారిని పిలిపించుకున్నారు. ఆయన పచ్‌మఢీలో చదివిన మనిషి. మధ్యప్రదేశ్ కొండల్లో 1950లో మొదలైన సైనిక సంగీత విభాగం అది. మన సైన్యంలో బ్యాండు మాస్టరు కావాలంటే ఆ గడప తొక్కాల్సిందే.

వచ్చిన వాళ్ళు ఆత్మకూరు, వింజమూరు, కలిగిరి, ఉదయగిరి వాళ్ళు, బద్వేలు నుంచి ఇద్దరు. ముహూర్తాలు లేని నెలల్లో ఒకాయన ట్రాక్టరు తోలతాడు, ఒకాయన వెల్డింగు చేస్తాడు, ఒకాయనకు క్షౌరశాల ఉంది. ఒక కుర్రాడు కువైట్‌కు పోవడానికి పాసుపోర్టు తీసుకుని, చివరిసారిగా క్లారినెట్టు సరిగ్గా నేర్చుకుని పోదామని వచ్చాడట. ఎందుకురా అంటే, "ఆడ ఎవురూ వాయించరు గదన్నా, మర్చిపోకుండా ఉండాలని" అన్నాడు.

మీరు బయల్దేరేటప్పుడు అన్న మాట గుర్తుంది, "బ్యాండుకు బడి ఏందిరా, పదిమంది పది శ్రుతుల్లో ఊదడానికి" అని. ఆ సంగతే రేపు తేలుస్తాను.

మీ కొడుకు

*

ఆత్మకూరు, బుధవారం

నాన్నకు,

మొదటి పూట వాద్యాలు పెట్టెల్లోనే ఉంచమన్నారు. సుబేదారు గారు మా ఎదురుగా నిలబడి చెయ్యి పైకెత్తారు, ఎత్తుతూ గాలి పీల్చారు. మేమూ పీల్చాం. చెయ్యి దించగానే "తా" అనాలి. పాతిక మంది మాస్టర్లం, పాతిక "తా"లు వచ్చాయి. మళ్ళీ, మళ్ళీ. మధ్యాహ్నానికి ఒక్క "తా" అయింది. "మాస్టరు చేతిలో దెబ్బ చూపిస్తున్నామనుకుంటారు, చూపించాల్సింది దెబ్బకు ముందున్న ఊపిరి" అన్నారాయన. డోలుకు ఇది అక్కర్లేదు, చెయ్యి వేస్తే మోగుతుంది. గాలి వాద్యానికి ముందు రొమ్ము నిండాలి. మీరు నాదస్వరంలో ఆలాపన ఎత్తేముందు భుజాలు కాస్త వెనక్కి పోతాయి చూశారా, డోలాయన అది చూసే కర్ర సరిచేసుకుంటాడు. అదే ఇది.

తరవాత లెక్కల చెయ్యి. నాలుగు దెబ్బలకు కింద, ఎడమ, కుడి, పైన. మూడింటికి కింద, కుడి, పైన. ఆరు ఎనిమిది నడకను జోరుగా వాయించేటప్పుడు రెండే దెబ్బలుగా చూపాలి. మన ఊరేగింపు పాటల్లో చాలా వాటిది ఆ నడకే. ఆది తాళం తొడమీద వేయడం వేరు, నాన్నా. అది ఎవరి లెక్క వాళ్ళు తప్పకుండా చూసుకోవడానికి. ఇక్కడి చెయ్యి ఎదుటివాళ్ళ కోసం. పెళ్ళిలో పురోహితుడు వేలెత్తి గట్టిమేళం అన్నప్పుడు మాత్రం మనకూ ఒక కండక్టరు ఉంటాడు, కానీ ఆయన ఎప్పుడన్నది చెబుతాడే గానీ ఎంత వేగమన్నది చెప్పడు.

అసలు చిక్కు వింజమూరు మాస్టరు లేవదీశాడు. "సార్, మా రెండు చేతులూ క్లారినెట్టు మీదనే ఉంటాయి. పైగా నేను ముందు నడుస్తా, పార్టీ అంతా నా వీపు చూస్తా ఉంటది. చెయ్యి ఎట్టా ఊపేది?" సుబేదారు గారు చాలాసేపు మాట్లాడలేదు. పటాలం బ్యాండులో ముందు నడిచే డ్రమ్ మేజరుకు పెద్ద కర్ర ఉంటుంది, వాయించే పని ఉండదు. మన వీధి మాస్టరుకు కర్ర లేదు, వాయించకుండా ఉంటే బయానా ఇచ్చినవాళ్ళు ఊరుకోరు. ఆ సాయంత్రమంతా ఆయన మా దగ్గర నేర్చుకున్నారు. ఎవరెవరు ఎలా సైగ చేస్తారో ఒక్కొక్కరినీ నడిపించి చూశారు. క్లారినెట్టు మూతి ఎత్తితే పాట ఎత్తడం, రెండుసార్లు దించితే ముగింపు, కుడి మోచెయ్యి విప్పితే చరణం మళ్ళీ. ఒక్కో పార్టీది ఒక్కో వాడుక. ముహూర్తాల ఒత్తిడిలో ఒక పార్టీ ట్రంపెట్టు ఇంకో పార్టీలో కూలికి పోతాడు, అక్కడి సైగ తెలియక మధ్యలో ఆగిపోతాడు. అందరికీ ఒకటే సైగల పట్టిక రాసుకున్నాం. ఈ బడి మొత్తంలో నాకు నచ్చింది ఇదే. పుస్తకంలో ఉన్న పాఠాన్ని వీధికి సరిపడా కోసి కుట్టారు.

ఇక మీ శ్రుతి మాట. క్లారినెట్టు, ట్రంపెట్టు బీ ఫ్లాట్, అంటే మన లెక్కలో ఆరున్నర శ్రుతి. ఆల్టో సాక్సు ఈ ఫ్లాట్, రెండున్నర. వాటిలో ఒకే వేలు పెట్టి ఊదితే వేరే వేరే స్వరాలు పలుకుతాయి. ఇది తెలిసిన మాస్టరు ఎవరి వేళ్ళు ఎక్కడ పెట్టాలో పార్టీకి చెప్పగలడు. తెలియనివాడు అందర్నీ చెవితో వెతుక్కోమంటాడు, వీధి చివరికి వెళ్ళేలోపు వాళ్ళు వెతుక్కుంటూనే ఉంటారు. పైగా వాద్యాలన్నీ ఒక చోటివి కావు. మీరట్‌లో 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ బ్యాండు వాద్యాలు చేస్తోంది, ఆ ఊరు నిండా అలాంటి కార్ఖానాలే. అక్కణ్ణించి వచ్చి, చేతులు మారి, సొట్టలు తీయించుకుని ఇక్కడికి చేరతాయి.

ఎండ సంగతి చెబితే మీరు నమ్మరు. బండి మీద కీబోర్డు ఎంత ఎండలోనూ తన శ్రుతిలోనే ఉంటుంది. ఇత్తడి వాద్యాలు మాత్రం మధ్యాహ్నానికి పైకి పోతాయి. ఇత్తడి సాగి అనుకుంటాం, కాదట. గొట్టంలో గాలి వేడెక్కితే అందులో శబ్దం వేగం పెరుగుతుంది, డిగ్రీకి సెకనుకు 0.6 మీటరు చొప్పున. అందుకని శ్రుతి ఎక్కుతుంది. మందు ఏమిటంటే ట్రంపెట్టుకు శ్రుతి గొట్టం కాస్త బయటికి లాగాలి, క్లారినెట్టుకు మూతి కిందున్న బారెలు కాస్త వదులు చేయాలి. ఇవాళ రెండు గంటల ఎండలో మండపం బయట నిలబెట్టి చేయించారు. మొదట ఒక్కరే బీ ఫ్లాట్ పట్టుకుని నిలబడాలి, ఒక్కొక్కరే వచ్చి అందులో కలవాలి. చిన్నప్పుడు నాదస్వరానికి శ్రుతిగా నన్ను గంటలు గంటలు ఒత్తు ఊదించారు చూడండి, ఆ శిక్షే మాస్టర్లందరికీ పడింది. వెల్డింగాయన కలిసినప్పుడు రెండు వాద్యాల మధ్య కొట్టుకునే అల మెల్లమెల్లగా నెమ్మదించి ఆగిపోయింది. ఆయన మొహం చూడాలి మీరు. "ఇన్నేళ్ళూ ఇది ఉందని తెలీదు సార్" అన్నాడు.

సుబేదారు గారు చెప్పిన ఒక కథ మీకు పనికొస్తుంది. 1854లో, క్రిమియా యుద్ధానికి పోతూ ఇంగ్లీషు సైన్యం టర్కీలో స్కుటారి దగ్గర విడిది చేసింది. విక్టోరియా రాణి పుట్టినరోజు కవాతు. పటాలాల బ్యాండ్లన్నీ ఒకేసారి రాణిగారి గీతం ఎత్తుకున్నాయి, ఎవరి శ్రుతి వాళ్ళది, ఎవరి కూర్పు వాళ్ళది. మిత్రదేశాల వాళ్ళ ముందు పరువు పోయింది. ఆ సిగ్గుతోనే 1857లో లండను దగ్గర నెల్లర్ హాల్‌లో సైనిక సంగీత పాఠశాల తెరిచారు, కేంబ్రిడ్జ్ డ్యూకు పూనుకుని. అంటే బ్యాండు మాస్టర్ల బడి పుట్టిందే పదిమంది పది శ్రుతుల్లో ఊదినందుకు. మీరు వెక్కిరించిన మాటే దాని పునాది.

దొరల వాద్యమని మీరు మొదలుపెట్టకముందే చెబుతున్నాను. తంజావూరులో శరభోజి మహారాజు పాశ్చాత్య వాద్యాలతో బ్యాండు పెట్టాడు. ముత్తుస్వామి దీక్షితులంతటి వారు మద్రాసు కోటలో బ్యాండు విని, ఆ మెట్లకు సంస్కృతంలో సాహిత్యం కట్టి నోట్టుస్వరాలు చేశారు. ఆయనకు లేని పట్టింపు మనకెందుకు?

*

ఏ.ఎస్. పేట, గురువారం

నాన్నకు,

ఇవాళ సెలవు. మాస్టర్లతో కలిసి అనుమసముద్రంపేట దర్గాకు వచ్చాను. ఖాజా నాయబ్ రసూల్ దర్గా అంటే మన వైపు నుంచీ వస్తారని మీకు తెలుసు. జబ్బు మనుషుల్ని తీసుకొచ్చి రోజుల తరబడి ఇక్కడే ఉంచుకునే కుటుంబాలు కనిపించాయి. హిందువులెవరో, ముస్లిములెవరో చూసి చెప్పలేం.

గంధం ఉత్సవం నాడు ఈ సందుల్లోకి నాలుగైదు పార్టీలు ఒకేసారి దిగుతాయట. స్కుటారి కథ విన్నప్పుడు వీళ్ళంతా ఎందుకు ఒకరినొకరు చూసుకుని నవ్వారో ఇక్కడికొచ్చాక తెలిసింది. ఈ ఏడు గంధానికి వంతులు పెట్టుకుందామని, ఒక పార్టీ ఆగాకే ఇంకో పార్టీ ఎత్తాలని మెట్ల మీదే మాట అనుకున్నారు. ఆగుతారో లేదో చూడాలి.

*

ఉదయగిరి, శనివారం

నాన్నకు,

చివరి పాఠానికి ఉదయగిరి వచ్చాం. బస్సు దిగగానే తలెత్తాల్సి వస్తుంది, మూడు వేల అడుగుల పైచిలుకు దుర్గం ఊరి నెత్తిమీదే ఉంటుంది. గజపతుల చేతుల్లో ఉన్న ఈ కొండను పట్టడానికి కృష్ణదేవరాయలకు 1513లో మొదలుపెట్టి 1514 దాకా పట్టింది. గెలిచాక ఇక్కడి బాలకృష్ణుణ్ణి హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. పైకి ఎక్కుదామంటే ఎండకు ఎవరూ రానన్నారు, నేనూ బలవంతపెట్టలేదు.

కొండకంటే నన్ను పట్టుకున్నది కింద చెక్క గరిటెల పని. నర్ది, కలివి, బిక్కి కర్రలతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేస్తారు, పిడికి సన్నటి నగిషీ. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేసేది ఎక్కువగా ముస్లిం ఆడవాళ్ళు. సుబేదారు గారు ఒకమ్మ దగ్గర కూర్చుని, దెబ్బలు చూపేటప్పుడు చేత పట్టే బ్యాటన్ చేయమని అడిగారు, కాగితం మీద గీసిచ్చారు. జానెడున్నర పొడుగు, కొన సన్నం, పట్టుకునేచోట చిన్న బుడిపె. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ కూరకు సాయిబూ?" అంది. సంగీతానికంటే నమ్మలేదు. కానీ ఆకురాయితో అరగదీస్తూ మధ్య మధ్యలో వేలి మీద నిలబెట్టి చూసింది. బుడిపె దగ్గర బరువు నిలిచే దాకా వదల్లేదు. ఆయన గాలిలో నాలుగు దెబ్బలు వేసి చూసి, పచ్‌మఢీలో తన చేతికిచ్చిన దానికంటే ఇదే తేలికన్నారు. మాస్టర్లందరూ తలా ఒకటి చేయమన్నారు. వీధిలో వాడేది లేకపోయినా సాధనలో పార్టీని ఎదురుగా నిలబెట్టుకున్నప్పుడు కావాలి కదా.

సాయంత్రం వీధిలోకి దిగాం. పెళ్ళీ లేదు, దేవుడూ లేడు, ఉత్త బ్యాండు. గడపల్లోకి వచ్చి, "ఆషాఢంలో పెళ్ళేందబ్బా" అని ఒకటే నవ్వు. పాట మీకు నచ్చేదే ఎంచారు, "మురిపించే మువ్వలు"లో జానకమ్మ గొంతూ కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరమూ పోటీపడే ఆ పాట. గొంతు వంతు ట్రంపెట్టుకు, నాదస్వరం వంతు క్లారినెట్టుకు పంచారు. గమకం కొంత జారింది, ఒప్పుకుంటాను, కానీ శ్రుతి జారలేదు. బజారు మలుపులో మసీదు కనబడగానే వింజమూరు మాస్టరు వెనక్కి తిరగలేదు, చెయ్యీ ఎత్తలేదు. క్లారినెట్టు మూతి రెండుసార్లు దించాడు. పాతిక వాద్యాలు, బేసు డ్రమ్ముతో సహా, ఒక్క దెబ్బ మీద ఆగాయి. అడుగుల చప్పుడే మిగిలింది. మసీదు దాటాక మూతి ఎత్తాడు, ఆగిన చరణం ఆగినచోటే అందుకున్నారు. మన ఇళ్ళల్లో తరాలుగా ఉన్న మర్యాదే ఇది. శవం ఎదురొస్తే ఆగడం, ఆసుపత్రి ముందు ఆగడం మనకు తెలుసు. కాకపోతే ఇన్నాళ్ళూ ఒకడు ముందు, ఒకడు వెనక, డ్రమ్ము ఎప్పుడో. అందరూ ఒక్కసారి ఆగితేనే ఆగినట్టు.

డీజే బాక్సులొచ్చాక బ్యాండుకు రోజులు పోయాయని అందరూ అంటారు, నేనూ అనేవాణ్ణి. బాక్సు మసీదు చూసి తనంతట తాను ఆగదు, ముత్తైదువలు వెనకబడితే నడక తగ్గించదు. నేర్పు ఉన్న మాస్టరుకు బయానా ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. నేర్పు లేకపోతేనే బాక్సు చౌక.

మీరు రోజూ తలుచుకునే కరవది చినమౌలానా గారు పేరొచ్చాక కూడా తంజావూరు నాదస్వర బాణీ కోసం మళ్ళీ శిష్యుడై కూర్చున్నారు కదా. ఆ మాట పట్టుకునే అడుగుతున్నాను. వచ్చే ఆషాఢంలో ఈ బడి మన చిలకలూరిపేటలో పెడదామని ఇక్కడి వాళ్ళ కోరిక. సుబేదారు గారు లెక్కల చెయ్యి, సైగలు చెబుతారు. శ్రుతి పాఠం, గమకం మాత్రం ఒక నాదస్వర విద్వాంసుడు చెప్పాలి, ఇత్తడి వాద్యంలో అవి ఎంతవరకు పలుకుతాయో తేల్చాలి అంటున్నారాయన. నేను మీ పేరు చెప్పాను. తిరుపతిలో దేవస్థానం వారి నాదస్వర, డోలు పాఠశాల ఉందని, అక్కడికి వెళ్ళి అడగమని మీరు అంటారు. అక్కడ చిన్న పిల్లలు ఏళ్ళ తరబడి చదువుతారు. నలభై దాటి ట్రాక్టరు తోలుకునే మాస్టరుకు పక్క ఊళ్ళో ఒక్క వారమే దొరుకుతుంది.

రేపు వింజమూరు మీదుగా కావలి చేరి రైలెక్కుతాను. శ్రావణం మొదటి ముహూర్తానికి బయానా తీసుకున్నాం, కీబోర్డు అబ్బాయిని ముందురోజే రమ్మనండి, శ్రుతి కలుపుకోవాలి. బడి సంగతి నేనొచ్చేలోపు ఆలోచించండి. కాదంటే కారణం చెప్పండి, "బ్యాండుకు బడి ఏందిరా" అని మాత్రం అనకండి.

మీ కొడుకు