పదకొండుమంది ఉన్న బల్ల



ప్రభు రాత్రి భోజనం బొమ్మ అంటే మనకు ఇళ్లలో గోడకు తగిలించిన పటమే గుర్తొస్తుంది. అందులో శిష్యులు పన్నెండుమంది. జర్మనీలోని న్యూరెంబర్గ్ పట్టణస్థుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1523లో చేసిన చెక్క అచ్చు బొమ్మలో మాత్రం లెక్కపెడితే పదకొండుమందే. ఇస్కరియోతు యూదా అప్పటికే వెళ్లిపోయాడు.

పెడనలో కలంకారీ అద్దకం దిమ్మలు చూసినవారికి ఈ పని తెలుసు. గీత నిలవాలంటే దాని చుట్టూ ఉన్న చెక్కంతా తొలిచేయాలి. మిగిలిన ఎత్తుకే సిరా అంటుతుంది. ఎంత ఓపిక కావాలో!

ఆ బొమ్మలో బల్లమీద గిన్నె ఒక్కటే ఉంది. రొట్టెల బుట్ట, ద్రాక్షారసపు కూజా, ఒక పెద్ద ఖాళీ పళ్లెం నేలమీద ఉన్నాయి. లూథరు జర్మన్ క్రొత్త నిబంధన అంతకు ముందటి ఏడే, 1522లో, అచ్చయింది. ఆ రోజుల్లో రోమా సంఘంలో సామాన్య విశ్వాసులకు రొట్టె మాత్రమే ఇచ్చేవారు, గిన్నె యాజకునికే. గిన్నె అందరిదీ అని సంస్కర్తలు వాదిస్తున్న కాలమది.

అయినా మనల్ని ఆపేది ఆ పదకొండు అనే లెక్కే. యోహాను 13వ అధ్యాయం 30వ వచనంలో యూదా రాత్రివేళ బయటికి వెళ్తాడు. ఆ వెంటనే ప్రభువు మాట్లాడిన మాటల్లో వెళ్లినవాని మీద ఒక్క నింద లేదు. 34వ వచనంలో మిగిలినవారికి క్రొత్త ఆజ్ఞ ఇస్తాడు, ఒకరినొకరు ప్రేమించమని. ఆ మిగిలినవారైనా ఎవరు? కోడి కూయకముందే ఆయనను ఎరుగనని ముమ్మారు అనబోయే పేతురు అక్కడే కూర్చున్నాడు.

మన ఊళ్లలో ఒక కుటుంబం మందిరానికి రావడం మానేస్తే ఏం మాట్లాడుకుంటాం? ఎవరితో పొత్తు పెట్టుకున్నారు, ఏ సంఘానికి పోతున్నారు, కానుక దగ్గర ఏం గొడవ. బోరింగు దగ్గర, చేలో, ఫోన్లో అదే మాట. రానివారిని యూదాతో పోల్చడం లేదు, ఎవరూ అలా అనుకోవద్దు. ఉన్నవాళ్లం ఒకరితో ఒకరం ఎలా ఉన్నామన్నదే అడుగుతున్నాం. ఒకే చాపమీద కూర్చుని మాటలు లేని అక్కాచెల్లెళ్లు మనలోనే ఉన్నారు కదా.

ఈ ఆదివారం సంస్కారపు బల్ల ఉంది. శనివారం సాయంత్రం, కొన్ని నెలలుగా రాని ఒక కుటుంబాన్ని చూడటానికి వెళ్తున్నాం. ప్రసంగం ఉండదు, పలకరించి వస్తాం. రాగలిగినవారు ఆరు గంటలకు మందిరం దగ్గర ఉండండి.